ముప్పై ఒకటో కిలోమీటరు ప్రమాణ స్థలం

భూమి కింద ఏముందో చూడకుండా ఏ నిర్ణయమూ తీసుకోరాదని ఆ సంవత్సరాల్లో బళ్ళారి జిల్లా ఏకాభిప్రాయానికి వచ్చింది. జొన్నచేను చూసినా, శనగచేను చూసినా జనం అడిగే ప్రశ్న ఒక్కటే: కింద ఇనుప ఖనిజం ఎంత లోతు ఉంది? ఖనిజం రైళ్ల లైను నడిపే శాఖ ఈ అభిప్రాయానికి కాస్త ఆలస్యంగా వచ్చింది. వచ్చాక మాత్రం రాడార్‌తో వచ్చింది.

అవసరం కల్పించినవాడు తాయప్ప. అతను కీమేన్. ముప్పై మూడేళ్లుగా రోజూ పొద్దున సుత్తి, స్పానర్, ఎర్రజెండా పట్టుకుని ఆరు కిలోమీటర్లు పట్టాల వెంట నడుస్తాడు. ముప్పై ఒకటో కిలోమీటరులో రైలు పోతున్నప్పుడు పట్టాల కింది స్లీపర్లు కిందికి దిగి పైకి లేస్తున్నాయని, కంకర సందుల్లోంచి ఎర్రబురద చిమ్ముతోందని అతను చెప్పాడు. అంచులు దాటేలా నింపిన వ్యాగన్ల నుంచి రాలిన ఖనిజం దుమ్ము కంకర సందులను పూడ్చేసింది. వాననీరు పోయే దారి లేదు. ఆ కిలోమీటరులో రైళ్ల వేగం గంటకు ముప్పై కిలోమీటర్లకు తగ్గించాలని కోరాడు. అతని భార్య రుద్రమ్మ రోజూ ఏడూ నలభై పాసింజరులో ఆకుకూరల గంపతో ఆ బురద మీదుగానే బళ్ళారి మార్కెట్‌కు పోతుంది. (ఈ సంగతి ఫారంలో రాయలేదు. దానికి గడి లేదు.)

ముప్పైకి తగ్గిస్తే రోజుకు పందొమ్మిది ఖనిజం రైళ్లకు బదులు పదిహేడే పోతాయి. కాబట్టి శాఖ ఆధారం అడిగింది.

“నీకెట్లా తెలిసింది?” అన్నారు సెక్షన్ ఇంజనీరు కోటిలింగం.

“కాలికి తెలుస్తాది సార్. ఆడికి పోతానే నేల మెత్తగా తగుల్తాది.”

“కాలు రికార్డు కాదు తాయప్పా. అది సరిగ్గా కొలుస్తుందని సర్టిఫికెట్ ఉందా?”

లేదు. (రెండో కాలికీ లేదు.)

ఆ విధంగా రాడార్ మంజూరైంది. అది ట్రాలీకి కట్టిన పెట్టె. నేలలోకి తరంగాలు పంపి, తిరిగి వచ్చినవాటిని తెర మీద గీతలుగా చూపుతుంది. శుభ్రమైన కంకర ఒకలా, బురద పట్టింది మరోలా కనిపిస్తుంది. అయితే ఏది శుభ్రమో యంత్రానికి ముందు ఒకసారి చూపించాలి. అలా చూపించే చోటును ప్రమాణ స్థలం అంటారు. మిగతా లైనును దానితో పోల్చి మార్కులు వేస్తారు. తొమ్మిదో నిబంధన ప్రకారం ప్రమాణ స్థలాన్ని ఎంపిక చేసేది స్థానిక అధికారి.

ఇక్కడ ఒక ఆచారం గురించి చెప్పాలి. తనిఖీ జరిగే చోటును తనిఖీకి ముందే సిద్ధం చేయడం ఈ లైనులో ఆచారం. (సిద్ధం చేయని చోటును చూపించడం వచ్చిన అధికారిని అవమానించడమే.) రాడార్ వస్తున్నది ముప్పై ఒకటో కిలోమీటరు కోసం. అందువల్ల నాలుగు రోజుల ముందు పట్టాల పనివాళ్ల గ్యాంగ్ మొత్తం అక్కడ దిగింది. బురద మీద జానెడు కొత్త కంకర పరిచింది. తాడు పట్టి అంచు తీర్చింది. అంచు రాళ్లకు సున్నం కొట్టింది.

“పైన రాయి పోస్తే కింద బురద యాడికి పోతాది సార్?” అన్నాడు తాయప్ప.

“పోనక్కర్లేదయ్యా. కనపడకుండా ఉంటే చాలు.”

“లోపల చూసే మిషన్ అంటాండారే?”

కోటిలింగం ఆలోచించి, ఇంకో జానెడు వేయించారు.

రాడార్ ఇంజనీరు అనుపమ బెంగళూరు నుంచి వచ్చింది. “సార్, మీ నలభై కిలోమీటర్లలో అన్నిటికంటే బాగున్న చోటు చూపించండి. ప్రమాణం అక్కడ తీసుకుంటాను,” అంది.

కోటిలింగం సెక్షన్ మొత్తాన్ని మనసులో ఒకసారి చూసుకున్నారు. కొత్త కంకర, తీర్చిన అంచు, సున్నం ఉన్న చోటు ఒక్కటే.

“ముప్పై ఒకటో కిలోమీటరు,” అన్నారు.

తాయప్ప ట్రాలీకి అడ్డం నిలబడ్డాడు. “మేడమ్, చెడిండేది ఇదే. దీనికే నువ్వొచ్చిండేది. మంచిది కావల్లంటే రూపనగుడి దిక్కు పోదాం రా, నేను చూపిస్తా.”

“ఈయనెవరు?” అంది అనుపమ.

“కీమేన్. రిటైర్మెంట్ దగ్గర పడింది,” అన్నారు కోటిలింగం, రోగం పేరు చెప్పినట్టు.

అనుపమ నిబంధనల పుస్తకం తీసి చదివింది. “మీరు చెప్పేది నిజమే కావచ్చు పెద్దాయనా. కానీ ఇందులో స్థానిక అధికారి అని ఉంది. కీమేన్ అని లేదు.”

“నీ మిషన్ నేలను చూస్తాదా, రూలును చూస్తాదా మేడమ్?”

“ముందు రూల్. తర్వాత నేల,” అంది అనుపమ. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు.

మూడు రోజుల తర్వాత నూట పన్నెండు పేజీల నివేదిక వచ్చింది. ముప్పై ఒకటో కిలోమీటరును ముప్పై ఒకటో కిలోమీటరుతో పోల్చగా తేడా సున్నా. నూటికి నూరు మార్కులు. మిగతా ముప్పై తొమ్మిది కిలోమీటర్లలో కింద బురద లేకపోవడం లోపంగా తేలింది. అక్కడంతా వేగం ముప్పైకి తగ్గించారు. పోయిన సమయాన్ని రైళ్లు ముప్పై ఒకటో కిలోమీటరులో అందుకోవాలని ఉత్తర్వు వచ్చింది. అది పల్లం కావడంతో అందుకోవడం కష్టం కాలేదు. పందొమ్మిది ఖనిజం రైళ్లు పదకొండయ్యాయి. (శాస్త్రీయంగా తగ్గినవి కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.)

మొదటి రోజే తాయప్ప ఎర్రజెండా చూపి పాసింజరును ఆపాడు. నూటికి నూరు వచ్చిన చోట రైలు ఆపినందుకు మెమో ఇచ్చారు. ఇంకోసారి జెండా ఎత్తితే ఉద్యోగం ఉండదు. పదవీ విరమణకు నాలుగు నెలలుంది.

“రేపట్నించి నువ్వు బస్సుకు పో,” అన్నాడు ఇంట్లో.

“నేను పోతాలేయ్యా. బండిలో ఉండే జనమంతా యాడెక్కల్ల?” అంది రుద్రమ్మ. “సుమ్నే చేతులు కట్టుకోని కూకోకుండా ఏమన్నా చూడు.”

మర్నాడు పాసింజరు వచ్చే వేళకు తాయప్ప బూటు లేసు ఊడింది. ముప్పై ఒకటో కిలోమీటరు రాయి దగ్గర, పట్టాల మధ్య కూర్చుని కట్టుకున్నాడు. డ్రైవరు కూత వేసి, బ్రేకు వేసి, మనిషి నడక వేగానికి వచ్చాక తల బయటపెట్టాడు.

“ఏమప్పా, అయిపాయనా?”

“అయిపాయలే. నిదానంగా పో. కింద ఇంగా తడిగా ఉండాది.”

కిటికీలోంచి రుద్రమ్మ అరిచింది: “ఓయ్, ముప్పై మూడేండ్ల సర్వీసులో లేసు కట్టేది నేర్చుకోలేదా?” పెట్టె అంతా నవ్వింది. రైలు కిలోమీటరంతా నిదానంగానే దాటింది.

రెండో రోజూ లేసు అక్కడే ఊడింది. నలభై ఒక్క రోజులు ఊడింది.

పాసింజరు రోజూ ఒకే చోట ఆరు నిమిషాలు ఆలస్యం కావడంపై ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. కమిటీ రాడార్ నివేదికను, ఇంజనును, డ్రైవరు కళ్లను, తాయప్ప ఎడమ బూటును పరిశీలించింది. లైనులో లోపం లేదని, లోపం లేసులో ఉందని ఏకగ్రీవంగా తేల్చింది.

సోమవారం తాయప్పకు కొత్త బూట్లు వచ్చాయి. వాటికి లేసులు లేవు.