ఆర్లో బీడు తగలబెట్టబోయిన రోజు

ఆ ఉదయం ఆర్లో వోండ్రా తలపెట్టిన పని ఒక్కటే: మధ్యాహ్నంలోగా తన ఎనభై ఎకరాల బీడును పద్ధతిగా తగలబెట్టడం. సీడర్ పొదలు పచ్చికను మింగేస్తుంటే నెబ్రాస్కా రైతులు వేసవికి ముందు చేసే పనే. బీడు చుట్టూ గడ్డి కోసి, నేల తడిపి, అగ్నిమాపక దళం నుంచి అనుమతి తెచ్చుకున్నాడు. ఈసారి కాగడా పట్టుకుని మంటల పక్కన నడవక్కర్లేదు. భార్య జోలీన్ గట్టు మీద నిలబడి డ్రోన్ ఎగరేస్తుంది, అది పైనుంచి నిప్పు బంతులు జారవిడుస్తుంది.

ముందుగా ఆమె డ్రోన్‌కున్న, వేడిని పసిగట్టే కెమెరాతో బీడంతా ఓసారి చూసింది.

"ఆగు! పొదల్లో ఎవరో పడున్నారు."

"దూడయ్యుంటుందిలే."

"రెండు కాళ్ల దూడా?"

ఎంత అరిచినా ఆ మనిషి పలకలేదు, కదల్లేదు. పక్క పొలం డెల్మర్ సాయానికొస్తాడేమోనని జోలీన్ ఫోన్ చేస్తే, అతని భార్య లుయెల్లా తీసింది.

"ఆయన పన్ను పీకించుకోడానికి టౌనుకెళ్లాడు. ఏమైంది?"

"మా బీడులో ఎవరో పడున్నారు, కదలట్లేదు."

లుయెల్లా వెంటనే అగ్నిమాపక దళానికి ఫోన్ చేసి, శవం దొరికిందని చెప్పింది.

దగ్గర దారని దళం వాళ్లు, అలాగే సీడర్ పొదలు కమ్మేసిన డెల్మర్ పొలంలోంచి వచ్చారు. బండి గుంటలో దిగబడింది. డ్రైవరు ఇంజన్ను గట్టిగా రొదపెట్టించేసరికి శవం లేచి నిలబడింది.

"నా పొలంలోకి బండి తోలిందెవడ్రా!"

డెల్మరే. మెడలో బైనాక్యులర్ ఉంది. బండి వెనకే వచ్చిన లుయెల్లా మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"పన్నేదీ?"

"ఆ బొమ్మ కూలితే చూద్దామని దాక్కున్నా..." డెల్మర్ నసిగాడు. నెల రోజులుగా టౌన్లో కాఫీ తాగుతూ డ్రోన్ను ఆటబొమ్మంటూ వెక్కిరించింది అతనే.

ఈలోగా బండి కింద వేడెక్కిన పొగగొట్టం ఎండుగడ్డికి తగిలింది. మంట లేచింది. డెల్మర్ కంగారుగా తన పొలంలోకి పరిగెత్తి పొగలో చిక్కుకున్నాడు.

"డెల్మర్! ఆగు! నువ్వు నాకు కనిపిస్తున్నావు కదా, చేతులూపకు!" జోలీన్ కెమెరాలో చూస్తూ అరిచింది. "కుడికి నడు. ఇంకా కుడికి. అది ఎడమరా బాబూ!"

దగ్గుతూ బయటపడ్డాడు. ఆమె చెప్పిన వైపల్లా దళం నీళ్లు కొట్టింది. మంట ఒకవైపు వాగు దగ్గర, మరోవైపు ఆర్లో తడిపిన నేల దగ్గర ఆగిపోయింది. రెండు గంటలకల్లా డెల్మర్ పొలంలో సీడర్ అన్నది మిగల్లేదు.

గాలి పెరిగిందని దళం నాయకుడు ఆర్లోకిచ్చిన అనుమతి రద్దు చేశాడు.

డ్రోన్ వల్ల లాభాలేమిటో డెల్మర్ ఇప్పుడు టౌనంతా బోధిస్తున్నాడు. ఆర్లో సీడర్లు మరో మూరెడు పెరిగాయి.