సుక్కమ్మ బొట్టు పెట్టిన సీడీలు

సద్దుల బతుకమ్మ పొద్దున విజేందర్ పెట్టుకున్న పని చిన్నదే. తల్లి సుక్కమ్మ పాడిన పాటలు అరవై సీడీల్లోకి ఎక్కించాడు. వాటి మీద, తాను కొత్తగా తీసిన ఆమె ఫోటో అచ్చు వేసి, సాయంత్రం ఆడపడుచులకు పంచాలి. కోస్గిలో అందరి పెళ్ళిళ్ళకూ వీడియో తీసేది అతనే, సొంత తల్లికి మాత్రం ఇన్నాళ్ళూ ఆధార్ కార్డు మీద తప్ప ఎక్కడా ఫోటో లేదు. అందులో ఆమె పోలీసులకు దొరికినట్టు ఉంటుంది. ఆ లోటు ఈ రోజుతో తీరిపోవాలని అతని పంతం.

అచ్చు ఎలా వేయించాలన్న దానిమీద మొగుడూ పెళ్ళాలకు వారం నుంచీ వాదన.

“స్క్రీన్ ప్రింటింగ్ చేపియ్యరాదు? రుద్దినా పోదట,” అంది భాగ్యశ్రీ.

“పాలమూరు షాపాయన ఐదువందల సీడీలకు తక్కువైతే చెయ్యడట. రంగులు గూడ రెండే ఏస్తడట.”

“మరి స్టిక్కర్లు?”

“వంకర అతికితే ప్లేయర్లనే ఇరుక్కుంటది. మనింట్ల ఇంక్‌జెట్ ప్రింటరే మంచిగుంటది. అమ్మ పట్టుచీర అంచు గూడ కనవడ్తది.”

నిజంగానే కనబడింది. తొమ్మిదింటికల్లా అరవై మంది సుక్కమ్మలు మంచం మీద ఆరుతూ నవ్వుతున్నారు. తడి తగిలితే రంగు కారుతుందని సీడీల డబ్బా మీద రాసి ఉంది. విజేందర్ చదివాడు కానీ, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా టీకి వెళ్ళాడు.

సుక్కమ్మ ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా దానికి పసుపు కుంకుమ పడాల్సిందే. మిక్సీకి పడింది, బోరు మోటారుకు పడింది. విజేందర్ తిరిగొచ్చేసరికి ఆమె తడి పసుపు గిన్నె, కుంకుమ పళ్ళెం పెట్టుకుని ముప్పయ్యో నుదుటి దగ్గర ఉంది.

“అమ్మా! ఏం చేస్తున్నవే?”

“ఫోటోల బొట్టు సక్కగ కనవడ్తలేదు కొడుకా. జర పెద్దగ పెడ్తున్న.”

పసుపు ముక్కుల మీదికి కారుతోంది. విజేందర్ గుడ్డతో తుడిచాడు. ముక్కు గుడ్డకు వచ్చింది. ఆరితే నిలుస్తుందని ఫ్యాను ఐదు మీద పెట్టాడు. పళ్ళెంలోని కుంకుమ లేచి, ఇంకా ఆరని మిగతా ముప్పై మీదా పరుచుకుంది.

తండ్రి జానయ్య ఒక సీడీ తీసుకుని చాలాసేపు చూశాడు. “అచ్చం మా అమ్మనే,” అని కళ్ళు తుడుచుకున్నాడు.

ముప్పై ఏళ్ళు ఆ అత్తతో పోట్లాడిన సుక్కమ్మ ఆ మాట తట్టుకోలేకపోయింది. “నేను బతుకమ్మకు రాను, పాట పాడ!” అంటూ అర్రలోకి పోయి గొళ్ళెం పెట్టుకుంది.

విజేందర్ మధ్యాహ్నమంతా తలుపు ముందు కూర్చుని బతిమాలాడు. అమ్మను గొప్పగా చూపించబోయి ఏడిపించానే అని అతనికి అన్నం సహించలేదు.

సాయంత్రం సుక్కమ్మను బతుకమ్మ ఆటకు తీసుకుపోవడానికి పక్కింటి సైదమ్మ ఆడవాళ్ళందరినీ వెంటేసుకుని వచ్చింది. మంచం మీదికి చూసి ఆగిపోయింది.

“అగో, గౌరమ్మ! పసుపు ముఖంతోని ఎంత కళగుందో!” అని ఒకటి కళ్ళకద్దుకుంది. “నాకొకటి, మా కోడలికొకటి ఇయ్యి బిడ్డా.”

చూస్తుండగానే మంచం ఖాళీ అయింది. అర్ర తలుపు సందులోంచి గొంతు వినబడింది.

“గౌరమ్మ గాదే, నేనే!”

ఆ వెనకే పట్టుచీరలో సుక్కమ్మ బయటికి వచ్చింది. ఆ సాయంత్రం ఆమె పాడినట్టు మరెవ్వరూ పాడలేదు.

పండగ వెళ్ళిన వారానికే చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఐదువందల సీడీలు కావాలని కబురొచ్చింది, అదే పసుపు ముఖంతో. పాలమూరు షాపాయన రెండే రంగులతో, పసుపూ ఎరుపూ, నిక్షేపంలా వేసిచ్చాడు. ఏం తగిలినా చెరగదని మాట కూడా ఇచ్చాడు. ఈసారి పసుపు గిన్నె విజేందరే ధైర్యంగా పట్టుకున్నాడు.

సుక్కమ్మ మొదటి సీడీకి బొట్టు పెట్టింది. ఆ బొట్టు నున్నగా జారి ఆమె ఒళ్ళో పడింది.

“షాపాయన నిన్ను మోసం చేసిండు కొడుకా,” అంది. “బొట్టే నిలుస్తలేదు.”