మిద్దె మీద బేరం

రెండో శనివారం పొద్దున మాధవి పెట్టుకున్న పని చిన్నదే. ధర్మవరం పట్టుచీర కొంగుకు కుచ్చులు కట్టి, మధ్యాహ్నంలోగా ఎదురింటి యల్లక్కకు అప్పగించాలి. తెల్లవారితే యల్లక్క మనవరాలి పెళ్లి. ఆ పిల్ల పీటల మీద కట్టుకోవలసిన చీర అదే. వెలుతురు బాగుంటుందని మాధవి చీర తీసుకుని మిద్దె ఎక్కింది.

వెనకాలే భర్త గిరిధర్ కూడా ఎక్కాడు. హిందూపురం కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే అతనికి సెలవు దొరికితే చాలు, పెనుకొండ కోట మీంచి వీధిలోకి దిగే కోతులను చూస్తూ కూర్చోవడమే పని. అతని కుతూహలం మంచిదే. దానికి కళ్లెం లేకపోవడమే ఇంట్లోవాళ్లకు ఇబ్బంది.

అతను కూర్చున్నాడో లేదో, ఒక పెద్ద మగకోతి అతని కళ్లజోడు లాక్కుని పిట్టగోడ ఎక్కింది. చీరతోపాటు యల్లక్కకు ఇవ్వాలని మాధవి తెచ్చి పెట్టుకున్న డబ్బాలోంచి గిరిధర్ వేరుశనగ ఉండ తీసి చూపించాడు. కోతి ఉండ అందుకుని కళ్లజోడు వదిలేసింది.

"చూసినావా మాధవీ, దీనికి బేరం తెలుసు."

"తెలిస్తే తెలియనీండి. ఆ ఉండలు పెళ్లికని చేసినాను, ముట్టద్దండి."

అయితే మిగతా కోతులు చూసి నేర్చుకుంటాయా? ఆ ప్రశ్న పుట్టాక గిరిధర్‌ను ఆపడం ఎవరి తరం? గోడ మీద గరిటె పెట్టాడు. దాన్ని తీసి తిరిగిచ్చిన ఆడకోతికి ఒక ఉండ దక్కింది. పిల్లను పొట్టకు కరుచుకుని ఇదంతా చూస్తున్న ఇంకో కోతి మాయమై, కాసేపటికి యల్లక్క చెప్పుతో వచ్చింది. గిరిధర్ పొంగిపోయి దానికీ ఉండ ఇచ్చాడు.

ఇక చూడాలి. టైలరు సాబ్జాన్ టేపు, ఎవరిదో దువ్వెన, ఇంకెవరిదో పాలగిన్నె మూత, అన్నీ మిద్దె మీదికి చేరాయి. పోయిన వస్తువు దొరికిందని మొదట మెచ్చుకున్నవాళ్లకు, ఉండల సంగతి తెలిశాక మొహాలు మారాయి.

"ఏం సార్, కోతుల్ని పనికి పెట్టుకున్యారా?" సాబ్జాన్ కిందినుంచి అడిగాడు.

"లేదప్పా, నేర్చుకుంటాండాయి."

"నేర్చుకునేదానికి నా టేపే దొరికిందా?"

సరిగ్గా అప్పుడే ఉండలు అయిపోయాయి. మగకోతి మళ్లీ వచ్చి ఖాళీ డబ్బాలోకి తొంగి చూసింది. గిరిధర్ మొహంలోకి చూసింది. తర్వాత మాధవి ఒళ్లోని చీర లాక్కుని నీళ్లట్యాంకు ఎక్కింది.

మాధవి కేక పెట్టింది. గోరు తగిలితే జరీ లేచిపోతుంది, ఇంకో చీర నేయించే వ్యవధి లేదు. ఆమె కేక విని యల్లక్క, సాబ్జాన్ మెట్లెక్కి వచ్చారు. అరటిపండు చూపించారు, కొబ్బరిచిప్ప చూపించారు. కోతి వాటివైపు తిరిగి చూడనైనా లేదు. దానికి కావలసింది వేరుశనగ ఉండలే.

"కట్టె తీసుకుని అదిలించు సాబ్జానూ," అంది యల్లక్క. "ఈపొద్దు ఆంజనేయస్వామి వారం. మేము చెయ్యెత్తకూడదు."

"మీకు వారం అడ్డం, నాకు దాని పళ్లు అడ్డం యల్లక్కా."

మాధవి కళ్లలో నీళ్లు చూసి గిరిధర్‌కు నిజంగా సిగ్గేసింది. చప్పున నేల మీద కూర్చుని, తల వంచి, పెదవులు చప్పరించసాగాడు. కోతుల్లో అది స్నేహానికి గుర్తని ఏటా పాఠంలో చెప్పేదే, చేసి చూపడం మాత్రం ఇదే మొదలు. యల్లక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కోతి కూడా పెదవులు చప్పరించింది. చీరను ట్యాంకు మీదే వదిలేసి దిగివచ్చి, గిరిధర్ జుట్టు పాయలు తీసి పేలు చూడటం మొదలుపెట్టింది. మాధవి నిచ్చెన వేసుకుని చీర దించి మడత విప్పింది. ఒక్క పోగు కూడా చెడలేదు. యల్లక్క కోతికి దండం పెట్టుకుంది.

"మామూలుగా చిన్నవే పెద్దవాటికి పేలు చూస్తాయి మాధవీ," గిరిధర్ కదలకుండా గొణిగాడు. "అంటే ఇది నన్ను పెద్దోడని ఒప్పుకునింది."

అంతలో కోతి తన పని ముగించి, అతని వైపు వీపు తిప్పి కూర్చుంది. గిరిధర్ లేవబోతే వెనక్కి తిరిగి పళ్లు చూపించింది. అతను మళ్లీ కూర్చుని, దాని వీపు మీది బొచ్చు పాయలు తీయసాగాడు.

మాధవి కుచ్చులన్నీ కట్టి చీర మడతపెట్టేదాకా అతనికి లేవడానికి సెలవు దొరకలేదు.