సంతకానికీ చాయ్‌కీ మధ్య

ఆ ఉదయం కరుణ వేసుకున్న ప్లాను చిన్నది. పదకొండింటికి ల్యాప్‌టాప్ తెరవాలి, ఢిల్లీ ఆఫీసులోని ఊర్మిళ మేడంకు తన పని చూపించాలి, పర్మినెంట్ ఉద్యోగం అడగాలి. దేశం ఇతర దేశాలతో చేసుకున్న ఒప్పందాలన్నీ ఒక్క మాట కొట్టగానే దొరికేలా కంప్యూటర్‌లోకి ఎక్కించే కాంట్రాక్టు పని అది. కరోనా రెండో వేవ్‌కు సూరత్ మగ్గాలు ఆగిపోయి తండ్రి సాంబయ్య ఇంట్లోనే ఉన్నాడు. కోసాడ్ కాలనీలోని ఆ ఇల్లు ఇప్పుడు ఆమె జీతం మీదే నడుస్తోంది.

"బాపూ, గంటసేపు ఎవ్వల్ని లోపలికి రానియ్యకు."

"చీమను గూడ రానియ్య."

కానీ తల్లి భూదేవి అప్పటికే కింద నల్లా దగ్గర గొప్పలు పోయింది. "మా బిడ్డ దేశాల ఒప్పందాలు చూస్తది." దేశాల తగాదాలే చూసే పిల్ల నల్లా తగాదా తెంపలేదా అనుకున్నారు అక్కడివాళ్లు. సరిగ్గా కాల్ కలిసే వేళకు నల్లా దగ్గర తగాదా పడుతున్న మంగ, ఐలమ్మ మాస్కులు పెట్టుకుని గడపలో నిలబడ్డారు.

"కరుణా, జర నువ్వే చెప్పు. నల్లా దగ్గర నీళ్లు ముందు నేనే పట్టుకోవాలెనని ఈమెనే ఒప్పుకున్నది," అంది మంగ.

"ఏదో మాటకు అన్న," అంది ఐలమ్మ.

వాళ్ల నోళ్లు మూయించడానికి సాంబయ్య చెరో గ్లాసు చాయ్ చేతిలో పెట్టాడు. ఐలమ్మ మాస్కు దించి ఒక గుక్క తాగాక గానీ తను చేసిన పని గుర్తురాక నాలుక కరుచుకున్నాడు.

వాళ్ల ఊళ్లో రాజీ కుదిరితే ఇద్దరూ కలిసి కల్లు తాగుతారు. అప్పటిదాకా ఎన్ని మాటలన్నా లెక్కలోకి రావు. గుజరాత్‌లో కల్లు దొరకదు కాబట్టి సూరత్ వచ్చాక ఆ హోదా చాయ్‌కి ఇచ్చారు.

"తాగింది! అందరు సూడుండ్రి, ఐలమ్మ తాగింది!" మంగ కేకకు మెట్ల మీద జనం పోగయ్యారు.

"తలనొప్పికి తాగిన!"

"తలనొప్పికైతే నీ ఇంట్ల తాగాలె. తగాదల తాగితే రాజీనే!"

"అండ్ల చక్కెరనే ఎయ్యలే. గది చాయెట్లయితది?" అంటూ భూదేవి సర్దబోయింది. దాంతో జనం రెండు వర్గాలయ్యారు.

మంగ ఆగలేదు. నేరుగా ల్యాప్‌టాప్ ముందుకొచ్చింది. "మేడం, ఒప్పందాలకు పెద్ద మీరేనట. మీరే తెంపుండ్రి!"

ఉద్యోగం పోయిందనుకుంది కరుణ. తెలుగావిడే అయిన ఊర్మిళ మాత్రం అంతా విని, "మాట ఎప్పుడిచ్చారు?" అని అడిగింది.

"పోయిన నెల."

"చాయ్ ఇప్పుడు తాగారు. ఈ మధ్యలో ఏమైంది?"

ఐలమ్మ తల దించుకుంది. "మా ఆయన మంచాన పడ్డడు మేడం. జ్వరం తగ్గింది గని లేస్తలేడు. పొద్దుగాల నీళ్లు లేకుంటె పక్కబట్టలు ఎట్లుతకాలె? బయట చెప్తే ఎవ్వరు దగ్గరికి రానియ్యరని..."

మంగ గ్లాసు కింద పెట్టింది. "నాకైన చెప్పొద్దా వదినా? రేపటిసంది నువ్వే ముందు పట్టుకో."

జనం దిగిపోయాక ఊర్మిళ అంది. "కరుణా, నదీజలాలని వెతుకు. మొదట వచ్చిన ఒప్పందం అమల్లో ఉందా?"

"ఉంది మేడం. రెండు దేశాలూ సంతకం..." కరుణ మాట మధ్యలోనే ఆగిపోయింది. సంతకమైతే చాలనుకుని, ఆ తర్వాత ప్రభుత్వాలు ఆమోదించాయో లేదో చూడకుండా అన్నిటికీ 'అమల్లో ఉంది' అని పెట్టేసింది. సంతకానికీ ఆమోదానికీ మధ్య ప్రభుత్వాలు మారతాయి, కరువులొస్తాయి, ఎవరింట్లోనో ఎవరో మంచాన పడతారు. "చాయ్ తాగారో లేదో చూడలేదు మేడం."

"ఎన్నిటికి?"

"అన్నిటికీ."

ఊర్మిళ ఏదో రాసుకుంది. "తప్పు పెద్దదే. దాచకుండా చెప్పావు. మొదటినుంచి మళ్లీ చూడు. ప్రతిదానికీ మధ్యలో ఏం జరిగిందో రాయి. ఇది తేలేదాకా ఉద్యోగం నీదే."

కాల్ ఆగగానే సాంబయ్య భయంభయంగా అడిగాడు. "ఎన్ని దినాలుంటది బిడ్డా ఈ నౌకరి?"

"దేశాలు అన్న మాట మీద నిలబడేదాక, బాపూ."

"అయితే పర్మినెంటే," అన్నాడు సాంబయ్య.