ప్రేమ నిర్మూలనకు ఒక జంట కావలెను

నరసరావుపేటలో తొంభై రోజుల్లో ప్రేమను సమూలంగా నిర్మూలిస్తామని సంస్కృతీ పరిరక్షణ సంఘం అధ్యక్షులు బాబూరావుగారు 1987 జూన్‌లో పత్రికాముఖంగా ప్రకటించారు. అంతకుముందు ఆయన దోమల నిర్మూలన సంఘానికి అధ్యక్షులు. అనుభవం ఉన్న మనిషి.

ఆ ప్రకటన టైపు చేసింది ఐజాక్. బస్టాండు వెనక టైపింగ్ ఇన్‌స్టిట్యూట్లో ఇన్‌స్ట్రక్టరు. 'ప్రేమ' అన్న మాట వచ్చినప్పుడల్లా అతని వేళ్లు తడబడ్డాయి. కారణం మూడో మిషను దగ్గర కూర్చుని ఉంది. పేరు మహాలక్ష్మి. రోజూ నకరికల్లు నుంచి బస్సులో వచ్చేది. రెండేళ్లుగా ఒకరంటే ఒకరికి ప్రాణం. ఆ రెండేళ్లలో వాళ్ల మధ్య నడిచిన సంభాషణ ఇంతే:

"సార్, రిబ్బన్ అరిగింది."

"మారుస్తానండి."

అరగకపోయినా మార్చేవాడు.

సంఘం స్క్వాడ్ ఊళ్లో పార్కు, సినిమాహాళ్లు, రైల్వేస్టేషను గాలించింది. ప్రకటన చదివిన ప్రేమికులు ఎక్కడివాళ్లక్కడ సర్దుకున్నారు. ఎనభై రోజులకు ఒకే జంట దొరికింది. విచారిస్తే అన్నాచెల్లెళ్లు.

బాబూరావుగారు చెమటలు కక్కుతూ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చారు.

"వచ్చే సోమారం మంత్రిగారు వస్తన్నారయ్యా. సంస్కరించటానికి ఒక్క జంటన్నా లేకపోతే ఏం మొహం పెట్టుకుని స్టేజీ ఎక్కేది? నువ్వు చూట్టానికి ప్రేమికుడి మాదిరే ఉన్నావు."

"నాకట్టాంటియ్యి తెలవవండీ," అన్నాడు ఐజాక్.

"తెలవకపోతే ప్రాక్టీసు చెయ్యి. అమ్మాయ్, నువ్వూ రా. వారం రోజులు ఇద్దరూ పార్కులో కూర్చోని మాట్టాడుకోండి. లెటర్‌హెడ్ మీద పర్మిషన్ రాసిస్తా."

రాసిచ్చారు. రౌండ్‌సీలు కూడా వేశారు. పార్కులో కానిస్టేబుల్ ఆ కాగితం చదివి సెల్యూట్ కొట్టి, ఎవరూ అడ్డం రాకుండా కాపలా కాశాడు. మొదటి రోజు బెంచీకి చెరో చివర కూర్చున్నారు. రెండోరోజు మిరపకాయ బజ్జీలు తిన్నారు. మూడోరోజు మహాలక్ష్మి 'సార్' మానేసి 'ఐజాక్ గారూ' అంది. ఆ పూట అతనికి అన్నం సయించలేదు.

నాలుగోరోజు బాబూరావుగారు కార్యక్రమం వివరించారు. స్టేజీ మీద ఆ పిల్ల ఈ పిల్లాడికి రాఖీ కట్టాలి. ఆ క్షణం నుంచి ఇద్దరూ అన్నాచెల్లెళ్లు.

"ఉత్తరాదిన కడతారంట. మన సంస్కృతే," అన్నారాయన. రాఖీ పేటలో దొరక్క హైదరాబాదు నుంచి తెప్పించారు.

ఆయన వెళ్లాక ఐజాక్ అడిగాడు. "కడతావా?"

"నేను కట్టను."

"మరి మంత్రిగారు?"

"ఆయన చేత కట్టించుకోండి," అని మహాలక్ష్మి మొహం తిప్పుకుంది. కళ్లలో నీళ్లు.

సోమవారం మంత్రిగారు మూడు గంటలు ఆలస్యంగా వచ్చారు. సాయంత్రం మాచర్లలో ఆదర్శ వివాహాల సభ ఉంది. పి.ఎ. తొందరలో ఆ ఉపన్యాసం చేతిలో పెట్టాడు.

"ఈ నూతన దంపతులు కులమతాలకు అతీతంగా..." అని మంత్రిగారు ఎత్తుకున్నారు.

బాబూరావుగారి మొహం పాలిపోయింది. "సార్‌తో చెప్పండయ్యా, తప్పు చదువుతున్నారు!" అని పి.ఎ. చెవిలో గొణిగారు.

"సార్ తప్పు చదవరు," అన్నాడు పి.ఎ.

మహాలక్ష్మి రాఖీ పళ్లెం కింద పెట్టింది. మంత్రిగారి కోసం తెచ్చిన గజమాల ఎత్తలేక ఎత్తి ఐజాక్ మెడలో వేసింది. ఐజాక్ ఆ దండలోనే ఆమెనూ ఇమిడ్చాడు. మంత్రిగారు పూలు చల్లారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది బాబూరావుగారే.

మర్నాడు మహాలక్ష్మి తల్లి వీరరాఘవమ్మ ఇన్‌స్టిట్యూట్ గుమ్మంలో నిలబడి గంటసేపు శాపనార్థాలు పెట్టింది. అలిసిపోయాక అడిగింది:

"పెళ్లి మంత్రిగారే చేశాడంటయ్యా?"

"అవునత్తయ్యా."

"మా ఊరి ట్రాన్స్‌ఫార్మరు కాయితం ఆయన దగ్గరే ఆగి ఉంది," అని కుర్చీ లాక్కుని కూర్చుంది. "కాఫీలో పంచదార ఎక్కువెయ్యమను."

నెల తిరిగాక రిజిస్ట్రారాఫీసులో సంతకాలూ అయ్యాయి. పేటలో ప్రేమ నిర్మూలన నూటికి నూరుపాళ్లు జరిగిందని నివేదిక వెళ్లింది. బాబూరావుగారు జిల్లాస్థాయికి ఎదిగి ఒకరోజు జీపులో వచ్చారు.

"వచ్చే శుక్రవారం గురజాలలో సభ. అక్కడా జంట దొరకట్లా. మీరే రావాల."

"మాకు పెళ్లయింది గదండీ," అన్నాడు ఐజాక్.

"అందుకేనయ్యా, నమ్మకస్తులని వచ్చా. అమ్మాయ్, ఆ మెట్టెలు తీసి పర్సులో పెట్టుకో."

పెళ్లయ్యాక ఇద్దరికీ పార్కుకు వెళ్లే తీరికే చిక్కలేదు. మహాలక్ష్మి మెట్టెల మీద చెయ్యి వేసి అడిగింది.

"వారం రోజులు ప్రాక్టీసన్నా పెడతారా బాబాయ్?"