బెర్తో గారి రికార్డుకు జరిగిన సన్మానం

2008 చలికాలంలో మస్కట్ తెలుగువారికి జాజ్-ఫంక్ సంగీతం మీద అకస్మాత్తుగా అభిమానం పుట్టింది. అంతకుముందు ఆ పేరు విన్నవారు లేరు. ఆ తర్వాత ఆ సంగీతం విన్నవారూ లేరు. అభిమానానికి వినికిడితో పనేముంది?

జరిగింది ఇది. లూసియెన్ బెర్తో అనే ఫ్రెంచి ఆయన ముప్పయ్యేళ్ళ కిందట మస్కట్ హోటల్లో పియానో వాయించడానికి వచ్చి, ఎండ నచ్చి ఉండిపోయాడు. హోటల్ పక్క సైట్‌లో పునాదులు తవ్వే రాజోలు మనిషి ఇస్రాయేలు, అన్నాల వేళ ఖాళీ తారు డబ్బా మీద దరువేస్తుంటే విని, పియానో మూసి బయటికొచ్చాడు. ఒకరి భాష ఒకరికి రాదు. ఇస్రాయేలు ఊరి నుంచి డప్పు తెప్పించుకున్నాడు. ఇద్దరూ కలిసి ఒక జాజ్-ఫంక్ రికార్డు చేశారు. ఎవరూ కొనలేదు. పంచిపెట్టిన ప్రతులను బెర్తో ఉండే అల్ హైల్‌లో ఇరుగుపొరుగువారు నీళ్ళ కూజాల మీద మూతలుగా వాడి కళను గౌరవించారు.

ఇన్నాళ్ళకు లండన్‌లో ఒక చిన్న కంపెనీ ఆ రికార్డును వెతికి పట్టుకుని మళ్ళీ విడుదల చేసింది. ఆ డప్పు వింటే ఒళ్ళు నిలవదని అక్కడి పత్రిక ఒకటి రాసింది. అట్ట మీద ‘డప్పు: ఇస్రాయేలు, ఆంధ్ర’ అని ఉందని తెలియగానే మన తెలుగు కళా సమితికీ ఒళ్ళు నిలవలేదు.

సమితి అధ్యక్షులు గంగాప్రసాద్ గారు కరీంనగర్ నుంచి వచ్చి సిమెంటు ఇటుకల వ్యాపారంలో పైకొచ్చిన కళాపోషకులు. బెర్తోకు ఘన సన్మానమని వెంటనే ప్రకటించారు. కార్యవర్గానికి మాత్రం రెండు చిక్కులు ఎదురయ్యాయి. ఇస్రాయేలు బతికే ఉన్నాడు, ఊరి శివారు మబేలాలో ఒక లేబర్ క్యాంపు మెస్‌లో వంట చేస్తున్నాడు. అది మొదటిది. రెండోది డప్పు.

“డప్పంటే మంచిగుండదు,” అన్నారు గంగాప్రసాద్ గారు. “పెద్ద పెద్ద ఆఫీసర్లొస్తరు, ఫ్యామిలీలొస్తయి. మృదంగమని రాయిద్దాం. ఏం పోయింది? రెండూ తోలే గద.”

తోలు విషయంలో వారి సమదృష్టికి సభ్యులు చప్పట్లు కొట్టి, విజయవాడ నుంచి ఒక మృదంగ విద్వాంసుణ్ణి రప్పించాలని నిర్ణయించారు.

తర్వాత అధ్యక్షులవారు స్వయంగా మబేలా వెళ్ళారు. ఇస్రాయేలుకు వినయం అలవాటు లేదు. రికార్డు అట్టను పొయ్యికి ఎదురుగా గోడకు తగిలించుకున్నాడు.

“రండి. లండనోళ్ళు విన్నాక మీ చెవిన కూడా పడ్డానన్నమాట. నేనెప్పుడు వాయించాలండి? మీ ఉపన్యాసాలకి ముందే పెట్టండి. తర్వాతయితే జనం నిద్దరపోతారు.”

“నీ బిర్యానీ మస్తుంటదంట గద ఇస్రాయేలు. ఆ రోజు వంట నువ్వే చెయ్యాలె. నీకంటె దగ్గరోడు మాకెవరున్నరు?”

ఇస్రాయేలు పొయ్యి మంట తగ్గించి ఇటు తిరిగాడు.

“బెర్తయ్యగారు దేశం వెళ్ళిపోతున్నారండి. చేతులు వణుకుతున్నాయి, ఇంక రారు. మేవిద్దరం జనం ముందు ఎప్పుడూ వాయించలేదండి. ఒక్క పాట వాయించనివ్వండి.”

“చూద్దాం. టైముంటె.”

టైముంటే అనే మాటకు సభలు చేసేవారి నిఘంటువులో అర్థమేమిటో పాఠకులకు తెలుసు. ఇస్రాయేలుకూ తెలుసు. అయినా ఒప్పుకున్నాడు. వంట సామాను ఎక్కించిన పికప్‌లో బియ్యం బస్తాల కింద డప్పు పెట్టుకున్నాడు.

సభ ఒక అద్దె హాల్లో దివ్యంగా జరిగింది. రికార్డుకు పసుపు కుంకుమలు పెట్టి, పూలమాల వేసి, వేదిక మీద నిలబెట్టారు. వాయించే యంత్రం తేవాలని ఎవరికీ తోచలేదు. తోచనందుకు ఎవరికీ లోటు కనబడలేదు.

“జాజ్ అనే మాట మన జాజి నుంచి పుట్టింది,” అని అధ్యక్షులవారు ప్రసంగించారు. “ఈ రికార్డులో మోగినది వేదకాలపు మృదంగ నాదమని సగర్వంగా మనవి చేస్తున్నాను.”

శాలువా కప్పుకుని కూర్చున్న బెర్తో ఆయన చెయ్యి పట్టుకుని, “ఇస్రాయేల్?” అని అడిగాడు.

“నో పాలిటిక్స్, సార్,” అన్నారు గంగాప్రసాద్ గారు మెల్లగా.

బెర్తోకు వచ్చిన తెలుగు మూడు మాటలు. మూడూ ఇస్రాయేలు నేర్పినవే. ఆయన లేచి, మైకు దగ్గరికి వెళ్ళి, ఎంతో మర్యాదగా, “ఆపు,” అన్నాడు. ఆయన తెలుగు భాషాభిమానానికి హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్ల మధ్యే ఆయన వేదిక దిగి వెనక తలుపు గుండా వెళ్ళిపోయాడు. బాత్రూమ్‌కని అందరూ సరిపెట్టుకున్నారు. విద్వాంసుడు మృదంగం అందుకున్నాడు.

వంటింట్లో ఇస్రాయేలు గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు. బెర్తో ఒక పెద్ద గిన్నె, రెండు చిన్న గిన్నెలు బల్ల మీద బోర్లించి, “కొట్టు,” అన్నాడు.

ఇస్రాయేలు బిర్యానీ పొయ్యి సెగకు డప్పు కాచి దరువు మొదలుపెట్టాడు. ముసలి చేతులు వణికి లయ తప్పింది. ఇద్దరూ నవ్వుకున్నారు. “మళ్ళీ,” అన్నాడు బెర్తో. ఈసారి తప్పలేదు. డ్రైవర్లు లోపలికి తొంగిచూసి, అలాగే ఉండిపోయారు. యజమానురాలి పాపను ఎత్తుకుని వచ్చిన కడప పెంచలమ్మ గుమ్మంలో ఆగి, “ఎంత బాగా కొడతాండారప్పా ఈ ముసలోల్లు,” అంది. బిర్యానీ అడుగంటింది. ఇస్రాయేలు అటు చూడలేదు.

ఆ మోత గోడ దాటి హాల్లోకి వచ్చింది. విద్వాంసుడు నిజాయితీపరుడు, తనది ఆపి చెవి ఒగ్గాడు. బల్లల కింద బూట్లు, పట్టుచీరల అంచులు, ఒకటొకటే దరువు అందుకున్నాయి. అధ్యక్షులవారి కుడికాలు అన్నిటికంటే ముందుంది.

“ఏంటది?” అని ఒక బల్ల అడిగింది.

“డప్పంట. వంటోడు కొడుతున్నాడంట.”

“ఏ ఊరు? ఏ పేట?”

జవాబు బల్ల నుంచి బల్లకు దరువు కంటే వేగంగా పాకింది. అది చేరిన చోటల్లా పాదాలు నిలిచిపోయాయి. వంటింటి తలుపు వేయించారు. లోపల వాళ్ళు ఆపలేదు. విందు మాత్రం చాలా ఆలస్యమైంది.

మరుసటి కార్యవర్గ సమావేశంలో ఈ విషయమై కూలంకషంగా చర్చ జరిగింది. హాల్లో ఏసీ ఎక్కువై, చలికి సభ్యుల కాళ్ళు వణికాయే తప్ప మరేమీ కాదని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆనాడు సభకు రాని తెలుగువారు కూడా ఎక్కడివారక్కడే ఉండి ఆ తీర్మానాన్ని ఇప్పటికీ బలపరుస్తున్నారు.