క్యారేజీకి నంబరు పడింది

మానవజాతి సాధించిన ఘనకార్యాల్లో మొదటిది, పాత కాగితాన్ని పారేయకుండా దాచడం. రెండోది, అంతకన్నా గొప్పది, దాచినదాన్ని ఎవరికీ దొరకనివ్వకపోవడం. ఈ రెండూ ఒకే కప్పు కింద నిరాటంకంగా సాగే చోటు పాత రికార్డుల కార్యాలయం. (కప్పు కారుతుంది. ఆ సంగతికి తర్వాత వద్దాం.)

ఆ కార్యాలయంలో శిక్షణకు ఒక అమ్మాయి చేరింది. మొదటి రోజు, అమ్మ చేతికిచ్చిన మూడు గిన్నెల స్టీలు క్యారేజీతో లోపలికొచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియక, ఎదురుగా ఖాళీగా ఉన్న బల్ల మీద పెట్టి మొహం తుడుచుకుంది. కొంప మునిగింది. అది స్వీకరణ బల్ల. దాని మీదికి వచ్చిన ఏ వస్తువైనా, నియమావళి ప్రకారం, ఆ క్షణం నుంచి చరిత్రే. ఆమె చేతిరుమాలు మడిచేలోపు మూత మీద తెల్లరంగుతో నంబరు పడిపోయింది.

నంబరు వేసినాయన అక్కడి పెద్ద. అందరూ ఆయన్ని వరుస మాస్టారంటారు. ఏ వస్తువైనా వచ్చిన వరుసలోనే ఉండాలన్నది ఆయన పట్టుదల. సొంత పెళ్లికి అందరికన్నా ఆలస్యంగా వచ్చారు కాబట్టి చివరి బంతిలోనే భోంచేశారట.

"సార్, అది మా అమ్మ క్యారేజీ. అందులో నా అన్నం ఉంది" అంది అమ్మాయి.

"ఉండనీ అమ్మాయ్. ఖాళీ రికార్డు కన్నా నిండు రికార్డుకే విలువెక్కువ" అన్నారు మాస్టారు.

శిక్షణలో చేరినవాళ్లు ఏదో ఒక రికార్డును మొదటినుంచి చివరిదాకా తామే సర్ది పరీక్ష నెగ్గితేనే ఉద్యోగం. వరండాలో బస్తాలకొద్దీ వందేళ్లనాటి ఊరి పటాలున్నాయి గానీ, వాటిని ముట్టుకోవాలంటే శిక్షణ పూర్తై ఉండాలి. కాబట్టి ఆమె పాలిట రికార్డు క్యారేజీయే అయింది. కడుపులో ఎలకలు పరిగెడుతుంటే కూర్చుని వివరాలు రాసింది: పై గిన్నెలో కూర, నడిమి గిన్నెలో అన్నం, అడుగు గిన్నెలో పెరుగు. కాలం, ఇవాళ పొద్దున. స్థితి, వెచ్చగా ఉంది. మాస్టారు మురిసిపోయారు. ఆ ఊపులో, పోనీ అన్నం ఒక్కటీ తినేసి గిన్నె పెట్టేస్తానని అడిగేసింది. ఆయన మొహం నల్లబడింది.

"అన్నం తీసేస్తే, కూరకీ పెరుగుకీ ఉన్న సంబంధం రేపటి పరిశోధకుడికి ఎలా తెలుస్తుందమ్మా?"

నిజమే, ఎలా తెలుస్తుంది? ఆమె గిన్నెలు మళ్లీ వరుసలో పేర్చింది.

సాయంత్రం ఉత్తచేతులతో ఇంటికెళ్తే అమ్మ ఊరుకుంటుందా? ఇల్లు పీకి పందిరేసింది. మర్నాడు నడుం బిగించి తనే ఆఫీసుకొచ్చింది. పాపం, ఆవిడకు వాదించడం వచ్చు గానీ రికార్డుల శాస్త్రం రాదు. ఆ క్యారేజీ తన తల్లి ఇచ్చిందని చెప్పింది. మూలం రుజువైందని మాస్టారు రాసుకున్నారు. ముప్పై ఏళ్లుగా వాడుతున్నానంది. అయితే పురాతనమే అన్నారు. ఇంట్లో ఉన్నది అదొక్కటేనండీ అని మొత్తుకుంది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి, అలాంటిది మరొకటి లేదన్న మాట ఎర్రసిరాతో రాసి, ఇంత అపురూపమైన సమాచారమిచ్చినందుకు చేతులు జోడించారు.

తిరిగి ఇవ్వడానికి మార్గం లేకపోలేదు. తొలగింపు సంఘం కూర్చుని తీర్మానించాలి. సంఘంలో ఎవరున్నారో తెలిపే కాగితం వరండాలోని బస్తాల్లో ఉంది. ఏ బస్తాలో అన్నది, బస్తాలకు నంబర్లు పడ్డాక తెలుస్తుంది.

ఈలోగా వానలొచ్చాయి. తేమ చొరబడని బీరువా ఆఫీసులో ఒకటే ఉంది. ఆ పటాల కోసమే కొన్నారు. అందులో క్యారేజీ పెట్టి తాళం వేశారు. (వరండాలో బస్తాలు తడిసిపోతున్నాయి కదా అని మీరనొచ్చు. వాటికింకా నంబరు పడలేదు. నంబరు పడనిది తడిసినా, చట్టప్రకారం తడవనట్టే లెక్క.) అమ్మాయికి మనసాగక బస్తాల మీద ఒక బరకం కప్పబోయింది. కప్పితే స్వీకరించినట్టవుతుందని మాస్టారు ఆపారు. బాధపడింది గానీ, ఉద్యోగం కావాలి మరి.

స్థితి నివేదికలు మాత్రం ఆమె చేతిలో రోజురోజుకీ రాటుదేలాయి. "చల్లబడింది. రికార్డుకు సహజం." తర్వాత, "వాసన మొదలైంది. ప్రామాణికతకు నిదర్శనం." ఆపైన, "గిన్నెల్లో కొత్త నివాసులు చేరారు. పరిశోధనకు అవకాశాలు పెరిగాయి." పెరగడమేమిటి, ఒకాయన ముక్కుకు గుడ్డ కట్టుకుని నడిమి గిన్నె మీద పెద్ద గ్రంథమే రాసి పట్టా పుచ్చుకున్నాడు. అమ్మాయి పరీక్ష నెగ్గింది. ఉద్యోగం ఖాయమైంది. మాస్టారు పదవీ విరమణ చేస్తూ తన కుర్చీ ఆమెకే అప్పగించారు, వచ్చిన వరుసలో తర్వాతది ఆమే కాబట్టి.

క్యారేజీ గొడవ తర్వాత ఆ గుమ్మంలోకి మరే గిన్నే రాకూడదని నియమం పెట్టారు. అమ్మాయి మధ్యాహ్నాలు మంచినీళ్లతో గడుపుతోంది. కూతురు చిక్కిపోతోందని చూడలేక, ఓ రోజు అమ్మ మళ్లీ వచ్చింది.

"నేనేనే, మీ అమ్మని."

"తెలుసమ్మా. గుర్తింపు కార్డు చూపించు."

కార్డు చూపించింది. బల్ల మీదున్న పెన్సిలుతో దరఖాస్తు నింపింది. ఏ రికార్డు కావాలి అన్నచోట క్యారేజీ అని, ఎందుకు అన్నచోట "నా కూతురికి అన్నం పెట్టడానికి" అని రాసింది. అమ్మాయి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. అనుమతించదగిన కారణాల పట్టిక తీసి పైనుంచి కిందికి వెతికింది. అందులో అది లేదు. దరఖాస్తు మీద "నిరాకరించడమైనది" అని ముద్ర వేసి, పెన్సిలు వెనక్కి తీసుకుని, అమ్మని గుమ్మందాకా సాగనంపి వచ్చి కుర్చీలో కూర్చుంది.

ఆకలైతే వేసింది గానీ, దానికింకా నంబరు పడలేదు.